పన్నెండు చిల్లుల వైపర్

"దీన్ని బిగించిన మహానుభావుడు ఎవరు?"

వర్క్‌షాపులో సుత్తి చప్పుళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి. గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. జుట్టు నుంచి బూట్ల దాకా ఎర్రమట్టి. కళ్ళకి మాత్రం మట్టి అంటలేదు కానీ, అవీ ఎర్రగానే ఉన్నాయి. చేతిలో జీపు నుంచి ఊడబెరికిన వైపర్. దాన్ని దుడ్డుకర్ర పట్టుకున్నట్టు పట్టుకుంది.

మెకానిక్కులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె ఎవరో అందరికీ తెలుసు. కొండ మీది గాలిమరల కంపెనీలో జీపు నడుపుతుంది. పదకొండు మంది డ్రైవర్లలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. మిగిలిన పది మందీ కలిసి ఆమెకి 'కుక్కర్' అని పేరు పెట్టారు. మూడు విజిళ్ళ దాకా ఓర్చుకుంటుందట, ఆ తర్వాత ఎవరి జాగ్రత్త వాళ్ళదేనట. ఆ పేరు పెట్టి ఎదురుగా పిలిచే మొనగాడు మాత్రం ఇంకా పుట్టలేదు.

అందరి చూపులూ మూల బల్ల వైపు తిరిగాయి. అక్కడ ఒకతను అద్దం ముక్క మీద నీళ్ళు చిమ్ముకుంటూ, అవి జారుతుంటే చూసి మురిసిపోతున్నాడు. పొద్దస్తమానం ఇదే పని. అందుకే వర్క్‌షాపులో అతన్ని 'తుంపర' అంటారు.

ఆమె వెళ్ళి వైపర్ని అతని ముందు ధబీమని పడేసింది.

"మీదేనా ఈ గొప్ప ఇన్వెన్షన్?"

"నాదే. అయ్యయ్యో, మెల్లిగా! లోపల పైపు విరుగుతుంది."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"పైపు విరుగుతుందా! ఆరుగురు మనుషుల నడుములు విరిగేవి ఇవాళ. వాళ్ళ గురించి అడగరేం?"

మామూలు బండ్లకి అద్దం కడిగే నీళ్ళు బానెట్ మీది గొట్టం నుంచి ఎగిరొస్తాయి. కొండదారిలో ఆ నీళ్ళని గాలి ఎత్తుకుపోతుంది, అద్దానికి సగం కూడా అందవు. అందుకని తుంపర నీళ్ళ గొట్టాన్ని వైపర్లోకే ఎక్కించాడు. బ్లేడు పొడవునా పన్నెండు సూది చిల్లులు. బటన్ నొక్కితే బ్లేడుకి ముందే నీళ్ళు పడతాయి, ఆ వెనకే బ్లేడు వచ్చి తుడిచేస్తుంది. చెప్పుకోవడానికి బాగానే ఉంది.

ఆ పొద్దున ఆమె వాగు దాటుతుంటే ఎదురొచ్చిన ట్రాక్టరు అద్దం నిండా బురద కొట్టి పోయింది. ఆమె బటన్ నొక్కింది. చుక్క రాలేదు. వైపర్ మాత్రం గోడకి సున్నం వేసినంత శ్రద్ధగా బురదని అద్దమంతా పూసింది. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, ఎలాగో బ్రేకు తొక్కి ఆపింది. ముందు చక్రం కాలవలోకి దిగబడింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. తగిలింది మేనేజర్ నోటి మాటే.

"సోమవారం నీ బండిలో నేనే వాగు దాటతాను," అన్నాడాయన. "అద్దం సరిగ్గా కనపడితే సరే. లేకపోతే బండి ఇంకొకరికిస్తాను. నువ్వు గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే బండ్ల నంబర్లు రాసుకో."

గేటు దగ్గర కుర్చీ అంటే ఏమిటో ఆమెకి బాగా తెలుసు. వాళ్ళ నాన్న ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు నడిపాడు. ఒక వానలో వైపర్ ఆగిపోయి బస్సు స్తంభానికి గుద్దుకుంటే, రిటైరయ్యేదాకా మిగిలిన ఆరేళ్ళూ ఆయన్ని అలాంటి కుర్చీలోనే కూచోబెట్టారు. స్కూల్ నుంచి వచ్చి క్యారేజీ పట్టుకెళ్ళినప్పుడల్లా ఆమె చూసేది. బస్సు బయటికి పోతున్నప్పుడు ఆయన కుడికాలు తనకి తెలియకుండానే నేలని తొక్కుతుండేది.

ఇదంతా తుంపరకి ఎందుకు చెబుతుంది? చెప్పలేదు. అరిచింది, అంతే.

అతను భూతద్దం తీసి బ్లేడుని అటూ ఇటూ తిప్పి చూశాడు. సూదితో ఒక చిల్లు గీకాడు. వాసన చూశాడు.

"ట్యాంకులో ఏం పోశారు?"

"మీరిచ్చిన నీలం లిక్విడ్."

"ఇంకా?"

"ఇంకేం పోస్తాను? పాయసమా?"

"చిల్లుల్లో సబ్బు గడ్డకట్టింది. బట్టల సబ్బు."

"అంటే నేను అబద్ధం చెబుతున్నానా?"

"నేనలా అన్లేదు. సబ్బు ఉందన్నాను."

"రెండూ ఒకటే!"

"రెండూ ఒకటి ఎలా అవుతాయండీ?" అని అతను నిజంగానే ఆలోచనలో పడ్డాడు. ఆ ఆలోచన చూసి ఆమెకి ఇంకా మండింది.

వేడినీళ్ళు పోసి, పన్నెండు చిల్లులూ సూదితో పొడిచి, వైపర్ని జీపుకి బిగించాడు. ఆమెని స్టీరింగ్ ముందు కూర్చోమన్నాడు. చెప్పాపెట్టకుండా బకెట్‌తో బురద తెచ్చి అద్దం మీద గుమ్మరించాడు.

"నొక్కండి!"

ఆమె పళ్ళు నూరుతూ నొక్కింది. పన్నెండు సన్నటి ధారలు పడ్డాయి. బ్లేడు ఇటు నుంచి అటు వెళ్ళింది, అటు నుంచి ఇటు వచ్చింది. కడిగిన అద్దంలో అతని మొహం కనపడింది. సగం బురద అతని మీదే పడింది. అయినా క్లాసులో ఫస్టొచ్చినవాడిలా నవ్వుతున్నాడు. నవ్వితే ఒక చెంప మీదే సొట్ట పడుతుంది. ఆ సొట్టలో కాస్త బురద చేరింది.

ఈ వివరాలన్నీ నాకెందుకు అని ఆమెకి తన మీదే కోపమొచ్చింది.

"చూశారా?" అన్నాడు కిటికీ దగ్గరికొచ్చి.

"ఏం చూశాను? నేనేం చూడలేదు."

"అద్దం అండీ."

"ఆ... అద్దమే. చూశాను. మళ్ళీ ఆగిపోతే?"

"ఆగదు. ఆగితే నన్నడగండి."

"అడగను. ఉతుకుతాను," అని గేరు వేసింది.

* * *

మూడో రోజుకి మళ్ళీ ఆగింది.

ఈసారి తుంపరకి కూడా తిక్క రేగింది. వైపర్ విప్పి చూస్తే మళ్ళీ అదే తెల్ల గడ్డ. రెండేళ్ళు కష్టపడి చేసిన వస్తువు. కొండలెక్కే బండ్లన్నింటికీ ఇదే పెట్టాలని కలలు కంటున్నాడు. దాన్ని ఒక మొండిఘటం సబ్బుతో పూడ్చేస్తోందని అతని బాధ.

"ఒప్పుకోడానికి నామోషీ అయితే మానేయండి. కనీసం పోయడమైనా మానేయండి!"

"నేను పోయలేదని ఎన్నిసార్లు చెప్పాలి?"

"మరి సబ్బు నడుచుకుంటూ వచ్చి ట్యాంకులో దూకిందా?"

"మీ డబ్బా బాగోలేక నా మీద తోస్తున్నారు!"

"డబ్బానా? దీన్ని డబ్బా అంటారా?"

మెకానిక్కులు పనులు ఆపేసి స్టూళ్ళు లాక్కుని కూర్చున్నారు. ఇద్దరూ పట్టించుకోలేదు. తుంపర వైపర్ని మళ్ళీ బిగించి, విసురుగా రిపేరు వివరాలు రాసే జాబ్ కార్డు తీసి ఏదో బరికాడు, కంపెనీకి పంపే కాపీ చింపి కవరులో పెట్టాడు. అందులో ఏముందో ఆమె చూడలేదు. చూడాలని తోచనంత కోపంలో ఉంది.

శనివారం మధ్యాహ్నం మేనేజర్ పిలిచి ఆ కార్డు చదివి వినిపించాడు.

"చిల్లుల్లో సబ్బు. కారణం, డ్రైవర్ నిర్లక్ష్యం."

ఆమె జీపు తీసుకుని నేరుగా వర్క్‌షాపుకి వెళ్ళింది. వాన మొదలైంది. తుంపర గుమ్మంలోనే ఉన్నాడు, ఆమెని చూసి అలవాటుగా రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆమె అరవలేదు. అదే అతన్ని భయపెట్టింది.

"నిర్లక్ష్యం," అంది మెల్లిగా. "ఆ మాట రాయడానికి నీకెంతసేపు పట్టింది?"

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఆమెకే తెలియదు.

"అదీ... నేను..."

"రోజూ నాలుగున్నరకి లేస్తాను. అద్దం లోపలా బయటా తుడుస్తాను. టైర్లు చేత్తో తడిమి చూస్తాను. ఎందుకో తెలుసా? ఆ పది మందిలో ఎవరు గుంటలో దిగినా రోడ్డు బాగోలేదంటారు. నేను దిగితే ఆడపిల్ల నడిపింది కదా అంటారు. నాలుగేళ్ళుగా వాళ్ళెవరూ నా మీద రాయలేని మాట నువ్వు రాశావు."

తుంపర ఒక అడుగు ముందుకి వేశాడు.

"సోమవారం తర్వాత గేటు దగ్గర కూర్చుంటాను. నీ వైపర్లన్నీ నా ముందునుంచే పోతాయి. ఒక్కొక్కదాని టైము రాస్తాను. చాలా? సంతోషమా?"

ఏడుపు కనపడితే చచ్చినంత పని కాబట్టి గబగబా జీపెక్కి తలుపేసుకుంది. అతను వానలోకి పరుగెత్తుకొచ్చాడు. అద్దం అవతల నిలబడి చేతులూపుతూ ఏదో చెబుతున్నాడు. ఆమె వైపర్ బటన్ నొక్కింది.

అద్దం మీద తెల్లటి నురగ లేచింది.

ఇద్దరూ ఆగిపోయారు. లోపల ఆమె, బయట అతను, మధ్యలో నురగ. తను ఏనాడూ అద్దానికి సబ్బు తాకించలేదు. మరి ఇదెక్కడిది? ఎవరో పోస్తున్నారు! ఆ పది మందిలో ఎవడో! అరికాలి మంట నెత్తికెక్కింది. తుంపరని అలాగే వానలో వదిలేసి బండి పోనిచ్చింది.

* * *

సోమవారం ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. ఆదివారమంతా కూర్చుని ఆమె ట్యాంకు కడిగింది, పన్నెండు చిల్లులూ సూదితో తీసింది, కొత్త నీలం లిక్విడ్ నింపింది. ఇక దొంగని పట్టుకోవడమే మిగిలింది. బాత్‌రూములో నీళ్ళ కుళాయి తిప్పి, తను స్నానంలో ఉన్నట్టు అనిపించేలా చేసి, వెనక తలుపులోంచి జారుకుంది. రోజూ ఇంటి ముందే ఆగే జీపు పక్కన నీళ్ళ డ్రమ్ము ఉంది. దాని వెనక నక్కి కూర్చోబోయింది.

అక్కడ అప్పటికే ఒకడు నక్కి ఉన్నాడు.

ఆమె వాడి కాలరు పట్టుకుని లాగింది. తుంపర!

"నువ్వా! దొంగా!"

"ష్! నేను దొంగని పట్టుకోడానికొచ్చాను."

"ఎవడు నమ్ముతాడు?"

"సబ్బు పోసేవాణ్ణయితే చేతిలో సబ్బుండాలి కదా. చూడండి, సూదులున్నాయి. శనివారం ఆ నురగ చూశాక నాకు నిద్ర పట్టలేదు. మీరు పోసుంటే అంత ఆశ్చర్యంగా మొహం పెట్టరు. నేను తప్పు రాశాను."

"ఇప్పుడు తెలిసిందా?"

"ఇంకోటి కూడా తెలిసింది. మొదటి రోజు మీరు వైపర్ని బల్ల మీద పడేశారు చూడండి, అప్పటి నుంచీ మీరంటే నాకు..."

"ఇది దానికి టైమా!" అని ఆమె కాలరు బిగించింది.

అప్పుడే ఇంటి తలుపు తెరుచుకుంది.

వచ్చింది నాన్న. ఒక చేతిలో మగ్గు, ఇంకో చేతిలో సగానికి కోసిన బంగాళాదుంప. ఒకసారి లోపల కుళాయి చప్పుడు విన్నాడు. జీపు బానెట్ ఎత్తి, మగ్గులోని సబ్బు నీళ్ళు ట్యాంకులో జాగ్రత్తగా పోశాడు. తర్వాత బంగాళాదుంపతో అద్దాన్ని అంగుళం అంగుళం రుద్దాడు. పాతకాలం డ్రైవర్లు వానలో నీళ్ళు నిలవకుండా అద్దానికి అలా రుద్దేవాళ్ళు. రుద్దుతూ జీపుతో మాట్లాడుతున్నాడు.

"ఆ నీలం నీళ్ళని నమ్మను నేను. చూస్తే సిరాలా ఉన్నాయి. సబ్బయితే బురదని పట్టనివ్వదు. ఇవాళ నా తల్లికి పరీక్ష. నన్ను చేసినట్టు దాన్ని చెయ్యకు. దాన్ని మాత్రం గేటు దగ్గర కూచోబెట్టించకు."

జీపుకి ఒక దండం పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

వారం రోజులుగా పెంచుకున్న కోపం, ఎవడి మీద విరుచుకుపడాలా అని దాచుకున్న కోపం, ఎటూ పోలేక ఆమె కళ్ళలోకి వచ్చేసింది. తుంపర కాలరు ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది.

"మీ నాన్నగారా?" అన్నాడు నెమ్మదిగా.

"నోర్మూసుకో." కళ్ళు తుడుచుకుంది. "ఆయనకి చెప్పకు. తన వల్లే నా బండి పోబోయిందని తెలిస్తే మళ్ళీ ఆ కుర్చీలోకే వెళ్ళిపోతాడు. చెప్పావో, నీ పని చెబుతా!"

"చెప్పను. ముందు కాలరు వదలండి. గంటలో ట్యాంకు ఖాళీ చేసి, పన్నెండు చిల్లులూ మళ్ళీ చూడాలి."

ఆమె టార్చి పట్టుకుంది, అతను సూది పట్టుకున్నాడు. ట్యాంకు వంచి సబ్బు నీళ్ళు పారబోసి, మళ్ళీ నీలం లిక్విడ్ నింపారు. ఏడో చిల్లు దగ్గర వేళ్ళు తగిలాయి. ఎనిమిదో చిల్లు దగ్గర తగలకపోయినా ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"నేనింకా క్షమించలేదు," అంది.

"తెలుసు. టార్చి కాస్త ఇటు పెట్టండి."

* * *

"నేనూ వస్తాను," అని పట్టుబట్టి నాన్న వెనక సీట్లో తుంపర పక్కన ఎక్కాడు. కంపెనీ గేటు దగ్గర మేనేజర్ జాబ్ కార్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ముందు ఇది తేల్చండి. చిల్లుల్లో సబ్బు అని రాసుంది. ఎవరు పోశారు?"

నాన్న మెడ నిక్కించాడు. ఆయన నోరు తెరిచేలోపు ఆమె అంది, "నేనే సార్. నాదే తప్పు."

"కాదు సార్," అన్నాడు తుంపర. "చిల్లులు మరీ సన్నగా పెట్టాను. డిజైన్ తప్పు. ఆ కార్డు తొందరపడి రాశాను."

ఆమె గిర్రున తిరిగింది. "నిన్నెవరు మధ్యలోకి రమ్మన్నారు?"

"మీరు చెయ్యని తప్పు ఎందుకు నెత్తినేసుకుంటారు?"

"నా నెత్తి, నా ఇష్టం!"

"సబ్బు వల్లనా?" అన్నాడు నాన్న. ఆయన మొహం పాలిపోయింది. మెల్లిగా జీపు దిగాడు. "సార్, అది పోసింది నేను. దీనికి తెలియదు. నా వైపర్ ఆగిన రోజు నాకింకా కళ్ళ ముందే ఉంది. నా బిడ్డకి అలా కాకూడదని పోశాను. అదే దాని కొంప ముంచుతుందని... కూచోబెట్టాలంటే నన్ను కూచోబెట్టండి. నాకలవాటే."

"నాన్నా!"

గేటు దగ్గర కుర్చీలో ఉన్న మనిషి పెన్ను ఆపి తలెత్తి చూశాడు. మేనేజర్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"తప్పు నాదంటే నాదని కొట్టుకునే వాళ్ళని నా సర్వీసులో చూడలేదు. ఎక్కండి అందరూ. వాగు దగ్గర అద్దమే చెబుతుంది."

వాగు నిండా బురద. ఆమె నేరుగా అందులోకే దించింది. చక్రాలు లేపిన బురద అద్దం మీద ఫట్‌మని పడింది. లోకం మొత్తం ఎర్రగా మూసుకుపోయింది. వెనక నాన్న కుడికాలు నేలని గట్టిగా తొక్కింది. ఆమెకి ఆ చప్పుడు వినపడింది.

బటన్ నొక్కింది.

పన్నెండు ధారలూ పడ్డాయి. ఒకటీ తప్పలేదు. బ్లేడు వెళ్ళింది, వచ్చింది. ఎదురుగా ఒడ్డు, రాయి, దారి, పైన తిరుగుతున్న గాలిమరలు. ఆమె గేరు మార్చి ఒక్క ఊపులో ఒడ్డెక్కించింది.

మేనేజర్ అద్దం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "రేపు ఆరింటికే బండి గేటు దాటాలి. లేటయితే ఊరుకోను," అన్నాడు. ఆమె స్టీరింగ్‌ని రెండు చేతులతోనూ పట్టుకుని తల ఊపింది.

కొండ మీద జీపు ఆగాక నాన్న దిగి, తడి బ్లేడుని వేలితో ముట్టుకున్నాడు. చిల్లులు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"ఆ రోజు నాకిది ఉండుంటే," అన్నాడు. తుంపర భుజం మీద చెయ్యేసి ఒక్క క్షణం అలాగే ఉంచాడు.

తుంపర జేబులోంచి కొత్త జాబ్ కార్డు తీసి ఆమెకిచ్చాడు. ఆమె మొహం మాడ్చుకునే చదివింది. డ్రైవర్ తప్పు, లేదు. కారణం, ఫిట్టర్ తొందరపాటు. చేయవలసిన పని, ఫిట్టర్ వారానికోసారి డ్రైవర్ ఇంటికి వెళ్ళి ట్యాంకు చూసి రావాలి.

"వారానికోసారా?" అంది.

"ఎక్కువైందా? పోనీ నెలకి..."

"నిర్లక్ష్యమంటే ఇదీ!"

అతని జేబులో పెన్ను లాక్కుని, బానెట్ మీద కార్డు పెట్టి 'వారానికోసారి' అనే మాట కసిగా కొట్టేసింది. దాని పైన 'రోజూ' అని రాసింది. డ్రైవర్ సంతకం దగ్గర కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టింది.

తుంపర దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. చెంప మీద సొట్ట పడింది.

"కోపం పోయినట్టేనా?"

"పోలేదు. ఇప్పట్లో పోదు."

"ఫర్వాలేదు," అన్నాడు. "రోజూ వస్తానుగా."

"అబ్బాయ్," అన్నాడు నాన్న, జేబులోని సగం బంగాళాదుంపని కొండ కిందికి విసిరేస్తూ. "కాస్త పెందలాడే రా. నాలుగున్నరకల్లా లేచే ఉంటాం."